అమ్మ తిరిగి చెప్పింది

జూన్ 12

నాన్నా,

ముందు నీ ఉత్తరం తిరిగి చెప్పేస్తున్నాను, లేకపోతే నువ్వు మిగతాది చదవవు. అమ్మని ఆస్పత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చావు. పక్షవాతం వచ్చిన కుడి చెయ్యి కొంచెం కదులుతోంది, తను లేచి నడుస్తోంది. మాట మాత్రం ఇంకా రాలేదు. సాయంగా పిన్ని వచ్చింది, వచ్చీ రాగానే వంటింట్లో డబ్బాలన్నీ చోట్లు మార్చేసింది, నీకు పంచదార దొరకడం లేదు. నేను దిగులు పెట్టుకోకుండా చదువుకోవాలి. సరేనా? ఆ ఆఖరిదొక్కటే నా వల్ల కావడం లేదు.

ఇక్కడ కొత్త తలనొప్పి మొదలైంది. ట్రైనింగ్ కాలేజీలో మా అందరి చేతా ఒక వ్యాసం రాయిస్తున్నారు, 'నేను గాఢంగా నమ్మే ఒక విషయం' అని. టీచర్ కాబోయేవాళ్ళకి ఏదో ఒక నమ్మకం ఉండాలట. హాల్లో అందరి ముందూ చదవాలి. అందులో నచ్చినవాళ్ళకి రెండో ఏడాది ఫీజు ఉండదు. ఆస్పత్రి తర్వాత మన పరిస్థితి నాకు తెలుసు నాన్నా, నువ్వు చెప్పకపోయినా. కాబట్టి నా సంగతి ఈ వ్యాసం మీదే ఉంది. అది కుదిరితే ఉంటాను, కుదరకపోతే పెట్టె సర్దుకుంటాను.

మొదట నిజాయితీ గురించి రాశాను. మా వ్యాసం టీచరమ్మ ఒక్క పేరా చదివి కాగితం నా చేతిలో పెట్టేసింది. "ఇది గోడ మీద రాయించుకునే మాటమ్మా. మీ ఇంట్లో ఏం నమ్ముతారో అది రాయి" అంది. మా ఇంట్లో ఏం నమ్ముతాం? మూడు రోజులు గోళ్ళు కొరుక్కున్నాను. ఇవాళ పొద్దున పక్క మంచం అమ్మాయి "కిటికీ వేసెయ్" అంటే నేను అలవాటుగా "కిటికీ వేసేస్తున్నాను" అన్నాను. అది పడీ పడీ నవ్వింది. అప్పుడు తట్టింది.

మన ఇంట్లో నమ్మేది అదే కదా నాన్నా! విన్న మాట తిరిగి చెప్పాలి. నువ్వు "గొడుగు తీసుకెళ్ళు" అంటే నేను "గొడుగు తీసుకెళ్తున్నాను" అనేదాకా నన్ను గుమ్మం దాటనిచ్చేవాడివి కాదు. అలా చెప్పీ చెప్పీ నీకు రేడియోనయ్యాను. దాని గురించి రాయనా? నీ సబ్‌స్టేషన్ సంగతులు కొన్ని రాసి పంపు. ఫోన్ చెయ్యకు. ఇక్కడ ఫోన్ వార్డెన్ బల్ల మీద ఉంటుంది, ఆవిడ ముందు నేను అమ్మ గురించి అడగలేను, ఏడుపొస్తుంది.

నీ రేడియో

*

జూన్ 20

రేడియోకి నాన్న ప్రేమతో,

నువ్వు చెప్పింది: వ్యాసం రాయాలి. హాల్లో చదవాలి. నచ్చితే ఫీజు ఉండదు. నిజాయితీ పనికిరాలేదు. తిరిగి చెప్పడం గురించి రాస్తావు. ఫోన్ చెయ్యొద్దు. సరి.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు. మీ అమ్మ మాట్లాడింది!

సోమవారం డ్యూటీకి బయల్దేరుతూ, అలవాటు కొద్దీ "తలుపు గడియ వేసుకో" అన్నాను. వెనక నుంచి "తలుపు గడియ వేసుకో" అని వినపడింది. మీ పిన్ని అనుకున్నాను. తిరిగి చూస్తే మీ అమ్మ! చేతిలో ఉన్న టిఫిన్ బాక్సు కింద పడేశాను. గుమ్మమంతా ఆగమాగం. "ఏమన్నావ్?" అన్నాను. "ఏమన్నావ్" అంది. గొంతు కొంచెం బొంగురు పోయింది గానీ, మాట పాత మాటే, అక్షరం అక్షరం స్పష్టంగా. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను, రాయడానికి సిగ్గేం లేదు. ఆ రోజు జీవితంలో మొదటిసారి డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళాను.

అసలు విచిత్రం వేరే ఉంది. నీకు తెలుసుగా, పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ అమ్మ నాకు ఒక్కటంటే ఒక్క మాట తిరిగి చెప్పిన పాపాన పోలేదు. "నేనేమైనా మీ లైన్‌మన్నా?" అనేది. నేనేం చెప్పినా "ఊఁ" అనేది. ఆ ఊఁలో విన్నాననీ ఉంటుంది, వినననీ ఉంటుంది, మీరు ఇక దయచేయండి అని కూడా ఉంటుంది. ఇన్నేళ్ళూ బతిమాలాను, పోట్లాడాను. ఇప్పుడు చూడు, ఏం చెప్పినా చక్కగా తిరిగి చెప్తోంది! ఆస్పత్రిలో పడుకుని ఆలోచించుకుని ఉంటుంది, పోనీలే పాపం ఈయన ముచ్చట తీరుద్దామని.

నీ వ్యాసానికి సరుకు రాసుకో. స్తంభం ఎక్కే లైన్‌మన్ నాకు ఫోన్ చేసి మూడో లైను ఆపమంటాడు. నేను "మూడో లైను ఆపమన్నావు" అంటాను. అతను "సరి" అంటాడు. ఆపి వచ్చి "మూడో లైను ఆపాను" అంటాను. అతను "మూడో లైను ఆపారు" అంటాడు. అప్పుడు నేను "సరి" అంటాను. ఆ సరి చెవిన పడేదాకా అతను తీగ మీద చెయ్యి వెయ్యడు. అతని మొహం నాకు కనపడదు, నా మొహం అతనికి కనపడదు. మధ్యలో ఉన్నది మాటొక్కటే. తిరిగి చెప్పాడా, విన్నట్టు. చెప్పలేదా, విననట్టే. నాకు తెలిసిన నమ్మకం ఇంతే, ఇంకేదైనా కావాలంటే పెద్ద చదువులు చదివినవాళ్ళని అడుగు.

పంచదార దొరికింది. ఉప్పు పోయింది.

నాన్న

*

జూన్ 27

నాన్నా, నాన్నా, నాన్నా,

అమ్మ మాట్లాడింది. తలుపు గడియ వేసుకో అంది. నువ్వు టిఫిన్ బాక్సు పడేశావు. ఉప్పు పోయింది. సరేనా! ఆ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివి అక్కడే కూలబడ్డాను. ఎవరో వార్డెన్‌ని పిలుచుకొచ్చారు, ఏమైనా చెడ్డ కబురేమో అని. నేను ఏడుస్తూ నవ్వుతుంటే ఆవిడ నా చేత గ్లూకోజ్ నీళ్ళు తాగించింది.

అమ్మ నీకు తిరిగి చెప్తోందా! నేను ఎదురుగా ఉండి చూడాల్సింది. తను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో అంత పెద్దమనుషుల్ని పట్టుకుని "ఈ ఫ్రేములో మీరు అప్పు ఎగ్గొట్టేవాళ్ళలా ఉన్నారు, మార్చండి" అనే మనిషి నీ ముందు చేతులు కట్టుకుందంటే నమ్మబుద్ధి కావడం లేదు. నీకు అలుసు దొరికిందని మరీ ఎక్కువ చెప్పించకు.

వ్యాసం మొదలుపెట్టాను. మొదటి వాక్యం ఇది: 'మా ఇంట్లో ముగ్గురం, ఇద్దరం తిరిగి చెప్తాం, ఒకరు ఊఁ అంటారు.' టీచరమ్మ నవ్వింది. మొదటిసారి. "ఇలా వెళ్ళు" అంది. ఆ ఊఁ అనే మనిషికి మాట పోవడం, వచ్చాక మొదటగా తిరిగి చెప్పడం, దాంతో ముగించాలని ఉంది.

కానీ నాన్నా, నా మనసు ఇక్కడ లేదు. అమ్మకి మాట వచ్చిందని తెలిశాక ఇంకా లేదు. నేను వచ్చేస్తే మందులు చూసుకుంటాను, పిన్నిని వాళ్ళింటికి పంపించొచ్చు. నువ్వు చదువుకోమనే అంటావు, అందుకే నిన్ను అడగడం లేదు. అమ్మని అడుగు. నేను చెప్పినట్టే అడుగు: 'వచ్చేయనా, ఇక్కడే ఉండిపోనా?' తను ఏదంటే అది చేస్తాను.

నీ రేడియో

*

జూలై 5

రేడియోకి,

నువ్వు చెప్పింది: మెట్ల మీద కూలబడ్డావు. గ్లూకోజ్ నీళ్ళు తాగావు. నాకు అలుసు దొరికింది. అమ్మని అడగాలి, వచ్చేయనా, ఇక్కడే ఉండిపోనా. సరి.

అడిగాను. కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నీ ఉత్తరం చేత్తో పట్టుకుని, నువ్వు రాసినట్టే పొల్లుపోకుండా చదివాను. నా కళ్ళలోకి చూసి, "ఇక్కడే ఉండిపోనా" అంది. నీ రెండు మాటల్లో రెండోదాన్ని ఎంచుకుంది, చూశావా. ఇంకేం కావాలి? అక్కడే ఉండు. వ్యాసం రాయి. అమ్మ మాట అయింది.

ఇంకో సంగతి రాయాలా వద్దా అనుకుంటూనే రాస్తున్నాను. నిన్న మీ అమ్మ మీద గట్టిగా అరిచాను. చొక్కా ఇస్త్రీ చేసుకుని, పెట్టె బల్ల మీద పెట్టి, "ఇది వేడిగా ఉంది, ముట్టుకోకు" అని చెప్పాను. "ఇది వేడిగా ఉంది, ముట్టుకోకు" అంది. సరి అన్నాను. అనేసి అటు తిరిగానో లేదో, ఎడమ చెయ్యి తీసుకెళ్ళి దాని మీదే పెట్టింది! అరచెయ్యి బొబ్బలెక్కింది. నీళ్ళు పోశాను, మందు రాశాను, ఇప్పుడు ఫర్వాలేదు. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. వినకపోతే అది వేరు. తిరిగి చెప్పి మరీ చెయ్యడమేమిటి? మా దగ్గర అలా చేస్తే ఆ పూటే ఇంటికి పంపేస్తారు. "బుద్ధుందా?" అన్నాను. "బుద్ధుందా" అని నన్నే అంది! మీ అమ్మ నోరు పూర్తిగా బాగుపడిందని దాన్ని బట్టి నువ్వే గ్రహించు. సాయంత్రం దాకా నేను పలకరించలేదు. తనూ పలకరించలేదు.

మీ పిన్ని వేరే పాట అందుకుంది. "బావగారూ, అక్క అన్నిటికీ మీ మాటే మీకు అప్పజెప్తోంది. అక్క అలాంటి మనిషా?" అంటుంది. మనిషి మారకూడదా? మీ పిన్నికి ఎవరి కాపురం సవ్యంగా ఉన్నా తోచదు. మాటలు నేర్పే డాక్టరమ్మ ఎవరో ఉందట, తీసుకెళ్దామని పోరు. మాటలు వచ్చిన మనిషికి మాటల డాక్టరెందుకు?

నాన్న

*

జూలై 11

నాన్నా,

అమ్మ 'ఇక్కడే ఉండిపోనా' అంది. నేను ఉండాలి. అమ్మ చెయ్యి కాలింది. నువ్వు అరిచావు. సాయంత్రం దాకా మాట్లాడలేదు. ఇవి నువ్వు చెప్పినవి. సరి అనడానికి నాకు మనసు రావడం లేదు.

ఒంట్లో బాగోలేని మనిషి మీద అరుస్తావా? చెయ్యి కాలినప్పుడు కూడా రూల్సేనా? నాకు ఏమనిపిస్తోందో చెప్పనా? అమ్మకి కోపం వచ్చింది. నీ మీద కాదు, నా మీద. ఉండమని పైకి అంది గానీ నేను అడగడమే తప్పు. అడగకుండా వచ్చి గుమ్మంలో నిలబడాల్సింది. ఆ కోపం ఎవరితో చెప్పుకోలేక ఇస్త్రీ పెట్టె మీద చూపించింది. అమ్మ అంతే కదా, చిన్నప్పుడు నేను టూర్ నుంచి ఒకరోజు ఆలస్యంగా వస్తే తిట్టకుండా నా మంచం కింద రెండుసార్లు ఊడ్చింది.

ఇది అమ్మకి చదివి వినిపించు, పూర్తిగా, నెమ్మదిగా: 'అమ్మా, నేను ఈ వ్యాసం కోసమే ఉన్నాను. వ్యాసం అవగానే వచ్చేస్తాను. నా మీద కోపం పెట్టుకోకు.'

ఇంకోటి కూడా అడుగు, వ్యాసానికి కావాలి. నేను చిన్నప్పుడు మొట్టమొదట తిరిగి చెప్పిన మాట ఏది? నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడని, అమ్మకొక్కదానికే తెలుసని ఎప్పుడూ అంటుండేది, చెప్పమంటే ఏడిపించేది. ఇప్పుడైనా చెప్పమను.

నీ రేడియో

*

జూలై 19

రేడియోకి,

నీకు కోపం వచ్చింది. అది తిరిగి చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, అయినా చెప్పాను. సరేనా?

నీ మాటలు చదివి వినిపించాను. మధ్యలో ఆగలేదు. అయిపోయాక మీ అమ్మ నా మొహం వంకే చూస్తూ, ఒక్కో మాటా కూడబలుక్కుని, "నా మీద కోపం పెట్టుకోకు" అంది. నీ మీద కోపం లేదమ్మా తనకి. తనే నిన్ను అడుగుతోంది. ఇన్నేళ్ళలో మీ అమ్మ ఎవరినీ అలా అడగడం నేను చూడలేదు. షాపులో పగిలిన అద్దానికి కూడా కొనేవాళ్ళదే తప్పనేది.

మొట్టమొదటి మాట సంగతి మాత్రం చెప్పలేదు. "మన అమ్మాయి మొట్టమొదట తిరిగి చెప్పిన మాట ఏది?" అంటే, "మొట్టమొదట తిరిగి చెప్పిన మాట ఏది" అని నన్నే అడుగుతుంది. ఎన్నిసార్లు అడిగినా అంతే. నన్ను ఏడిపించడం మాత్రం మానలేదు, ఆ రోగం ఏ ఆస్పత్రిలోనూ కుదరదు.

మీ పిన్ని పోరు పడలేక శుక్రవారం ఆ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తున్నాను. మీ అమ్మ ఆవిడకే నాలుగు మాటలు నేర్పించి వస్తుందిలే. నా కళ్ళజోడు ఒక పక్కకి వాలిపోయింది. ఇదివరకు ఎదురుపడినప్పుడల్లా మీ అమ్మ సరిచేసేది, అందుకని అది వాలుతుందని కూడా నాకు తెలీదు.

నాన్న

*

జూలై 26

నాన్నా,

అమ్మ 'నా మీద కోపం పెట్టుకోకు' అంది. డాక్టరమ్మ దగ్గరికి వెళ్తున్నారు. నీ కళ్ళజోడు వాలిపోయింది.

అమ్మ నన్నెందుకు అడగాలి నాన్నా? ఏం తప్పు చేసిందని? నువ్వు అరిచావు కాబట్టి భయపడింది. మనిషి భయపడిపోయి, కనపడ్డవాళ్ళందరినీ కోపం పెట్టుకోవద్దని బతిమాలుతోంది. దానికి నీకు ముచ్చటేసింది. నాకు ఆ ఉత్తరం చదివిన దగ్గర్నుంచీ ముద్ద దిగడం లేదు. ఇకమీదట అమ్మ చేత తిరిగి చెప్పించకు. ఊఁ అననీ. ఏమీ అనకపోయినా ఊరుకో.

ఇంత కోపంలోనూ వ్యాసం పూర్తయింది. కోపంలోనే బాగా వచ్చిందేమో. ఆఖరి పేరా మొత్తం మార్చేశాను. అమ్మ అన్న ఆ మాట పెట్టాను. 'మా అమ్మ మాట పోగొట్టుకుంది, తిరిగి వచ్చాక మొదటగా అడిగింది కోపం పెట్టుకోవద్దని. తిరిగి చెప్పినవాళ్ళు విన్నట్టు. మా అమ్మ అన్నీ వింది. ఎక్కడికీ పోలేదు, ఇక్కడే ఉంది. నేను గాఢంగా నమ్మేది ఇదే.' టీచరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆగస్టు మొదటివారంలో హాల్లో చదవాలి.

డాక్టరమ్మ ఏమందో వెంటనే రాయి.

రేడియో

*

ఆగస్టు 9

నాన్నా,

తిరిగి చెప్పడానికి నీ దగ్గర్నుంచి ఉత్తరమే లేదు. పోస్టు రాగానే రోజూ కిందికి వెళ్తున్నాను. నీకు కోపం వచ్చిందని అర్థమైంది. నేను రాసిన తీరు అలాగే ఉంది, ఒప్పుకుంటాను. కానీ మాట్లాడకుండా శిక్ష వెయ్యడం అమ్మ పద్ధతి, నీది కాదు.

మొన్న హాల్లో చదివాను. ఆఖరి పేరాకి వచ్చేసరికి వెనక బెంచీల్లో ముక్కులు చీదడం వినపడింది. ప్రిన్సిపాల్ లేచి నిలబడింది. ఫీజు లేదు నాన్నా. రెండో ఏడాది ఖాయం. వ్యాసాన్ని కాలేజీ పత్రికలో అచ్చు వేస్తున్నారు. మొదటి కాపీ అమ్మకి పంపుతాను, చదివి వినిపించు.

'అందింది' అని ఒక్క ముక్క రాసినా చాలు.

రేడియో

*

ఆగస్టు 14

రేడియోకి,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. నాకు కోపం లేదు. ఎన్నిసార్లు రాశానో, అన్నీ చింపేశాను. నువ్వు హాల్లో చదివేదాకా ఆగుదామనుకున్నాను. చదివాక కూడా చెయ్యి ఆడలేదు. ఇవాళ డ్యూటీలో కూర్చుని రాస్తున్నాను.

డాక్టరమ్మ చిన్నపిల్ల, నీకంటే కాస్త పెద్దదంతే. బల్ల మీద చెంచా, దువ్వెన, తాళంచెవి పెట్టింది. మీ అమ్మని "చెంచా చూపించండి" అంది. మీ అమ్మ "చెంచా చూపించండి" అంది, ఎంత బాగా అందని! నేను గర్వంగా చూశాను. కానీ చెంచా వంక చూడలేదు. "దువ్వెన చేతిలోకి తీసుకోండి" అంటే ఆ మాటా అప్పజెప్పింది, చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. "మీ పేరేంటి?" "మీ పేరేంటి." "ఈయన ఎవరు?" "ఈయన ఎవరు." నేను పక్కనే ఉన్నాను.

అది జబ్బులో ఒక రకమట. చెవిన పడ్డ మాట నోటిదాకా వచ్చే దారి బాగానే ఉందట. అర్థం దగ్గరికి వెళ్ళే లైను తెగింది. మాట లోపలికి వెళ్తుంది, ఎక్కడా ఆగకుండా బయటికి వచ్చేస్తుంది. "చాలామంది ఇంట్లోవాళ్ళు మొదటి రోజే కనిపెడతారండీ, మీరెలా..." అని డాక్టరమ్మ మధ్యలో ఆగిపోయింది. ఏం చెప్పను? మా ఇంట్లో తిరిగి చెప్పడమంటే అర్థమైనట్టు అని చెప్పనా? ఎవరు చూసినా అనుమానపడేదాన్ని చూసి నేను పండగ చేసుకున్నాను. మీ పిన్ని ఒక్కతే సరిగ్గా చెప్పింది, అక్క అలాంటి మనిషా అని. మీ అమ్మ నా మాట తిరిగి చెప్పిందంటేనే నాకు తెలియాలి, అక్కడున్నది మీ అమ్మ కాదని.

ఇంటికొచ్చాక నీ ప్రశ్న తీసి తిరగేసి అడిగాను. "ఇక్కడే ఉండిపోనా, వచ్చేయనా?" అన్నాను.

"వచ్చేయనా" అంది.

అదే చూపు, అదే గొంతు. ఆ రోజు నువ్వు ఆ రెండు మాటలూ అటూ ఇటూగా రాసి ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేదానివి. కోపం పెట్టుకోవద్దన్నది కూడా నీ మాటే, ఉత్తరంలో ఆఖర్న ఉంది కాబట్టి వచ్చింది. నిన్నెవరూ ఏమీ అడగలేదమ్మా. ఎవరూ భయపడలేదు.

కాలిన చేతికి రోజూ మందు రాస్తున్నాను. వేడిగా ఉంది ముట్టుకోకు అని నేను చెప్పింది తనకి చేరనే లేదు. బుద్ధుందా అన్నదీ చేరలేదనుకుంటే కాస్త నయంగా ఉంటుంది, అంతలోనే అది ఇంకా ఘోరంగా ఉంటుంది.

బాగవుతుందా అని అడిగాను. కొందరు కొంత కోలుకుంటారు, చెప్పలేం అంది. నిన్ను రమ్మనాలో వద్దనాలో నాకు తెలీడం లేదు. నా పనిలో తెలియకపోతే లైను ముట్టుకోం, తెలిసినవాళ్ళు వచ్చేదాకా ఆగుతాం. ఇక్కడ ఎవరొస్తారని ఆగను?

నాన్న

*

ఆగస్టు 19

నాన్నా,

నువ్వు చెప్పింది: చెంచా చూపించలేదు. నువ్వెవరో చెప్పలేదు. ప్రశ్న తిరగేశావు. వచ్చేయనా అంది. కొందరు కొంత కోలుకుంటారు.

రాస్తుంటే తెలుస్తోంది, అన్నీ పొల్లుపోకుండా తిరిగి చెప్పాను, ఒక్కటీ నాకు ఎక్కలేదు. మళ్ళీ మళ్ళీ చదివాను.

నేను నిన్ను అన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నువ్వు భయపెట్టావన్నాను. అమ్మకి కోపమన్నాను. అక్కడ ఎవరి కోపమూ లేదు, మన ఇద్దరి ఉత్తరాలే ఉన్నాయి.

ఉత్తరం పట్టుకుని టీచరమ్మ దగ్గరికి పరిగెత్తాను. వ్యాసం తీసెయ్యండి, అది నిజం కాదు, మా అమ్మ వినలేదు అన్నాను. పత్రిక అచ్చయిపోయిందట, కట్టలు కట్టలు ఆవిడ బల్ల పక్కనే ఉన్నాయి. "రాసేటప్పుడు నువ్వు నమ్మావు కదమ్మా, వ్యాసానికి అది చాలు" అంది. వీపు నిమిరింది. వ్యాసానికి చాలు నాన్నా, నాకు చాలదు. ఫీజు మాఫీ వద్దంటే, పిచ్చిపిల్లా అని నవ్వింది. ఆ కాగితం మీద అప్పుడే ప్రిన్సిపాల్ సంతకం కూడా పెట్టేసిందట.

ఇంకో ఘోరం చెప్పనా? నా వ్యాసం విన్న దగ్గర్నుంచీ హాస్టలంతా తిరిగి చెప్తోంది. "నీళ్ళ జగ్గు ఇటివ్వు" "నీళ్ళ జగ్గు ఇటిస్తున్నాను". వార్డెన్ నోటీసు బోర్డు మీద కూడా పెట్టింది, చెప్పిన మాట తిరిగి చెప్పవలెను అని. కారిడార్లో నడుస్తుంటే ఎటు చూసినా అమ్మే మాట్లాడుతున్నట్టుంది. చెవులు మూసుకుని బాత్‌రూమ్‌లో దూరుతున్నాను. ఆపమని ఎవరికి చెప్పను? చెప్తే, ఆపమంటున్నావు, సరేనా అంటారు.

నెలాఖరు శనివారం వస్తున్నాను. ఉండడానికా, మళ్ళీ వెళ్ళడానికా, నాకు తెలీదు. అది మాత్రం ఈసారి అమ్మని అడగొద్దు. ఉత్తరాలు చదవొద్దు, ప్రశ్నలు వెయ్యొద్దు. నేను శనివారం వస్తున్నానని మాత్రం చెప్పు. శనివారం వస్తోంది అంటుందిగా, అననీ.

నాకు ఆ మొట్టమొదటి మాట ఇక ఎప్పటికీ తెలీదు కదూ.

నీ రేడియో

*

ఆగస్టు 25

రేడియోకి,

ఈసారి నీ ఉత్తరం తిరిగి చెప్పను. అందింది.

నువ్వు చెప్పినట్టే చేశాను. అందిన మర్నాడు పొద్దున మీ అమ్మని కిటికీ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాలిన చేతికి మందు రాస్తూ, ఏ ప్రశ్నా లేకుండా మామూలుగా చెప్పాను. "మన రేడియో శనివారం వస్తోంది" అన్నాను. అని, 'శనివారం వస్తోంది' వినడానికి సిద్ధపడి తల వంచుకున్నాను.

రాలేదు. తలెత్తి చూశాను. వీధి వైపు చూస్తోంది. నా వైపు తిరక్కుండా, "ఊఁ" అంది.

అదే ఊఁ. విన్నానన్నదో విననన్నదో, ఇక మీరు దయచేయండన్నదో.

మందు డబ్బా అక్కడే వదిలేసి మీ పిన్నిని కేకేశాను. ఆవిడ వచ్చేలోపు ఆగలేక మళ్ళీ చెప్పాను, "మన రేడియో శనివారం వస్తోంది." "మన రేడియో శనివారం వస్తోంది" అంది, స్పష్టంగా, అక్షరం పోకుండా. మళ్ళీ చెప్పాను. మళ్ళీ అదే. మూడోసారి నాకే భయమేసి మానేశాను. డాక్టరమ్మతో అంటే, ఊపిరి తీసుకున్న చప్పుడు అయ్యుండొచ్చు, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు అంది. మీ పిన్ని వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ పాత చోట్లలో పెట్టేసింది.

ఒక్కసారేనమ్మా. మళ్ళీ అనలేదు. నాలుగు రోజుల నుంచీ ఆ కుర్చీ పక్కనే కూర్చుని ఏవేవో చెప్తున్నాను, ఏ ఒక్కటీ తిరిగి చెప్పకపోతే బాగుండని. అన్నీ చెప్తోంది. ఇన్నేళ్ళూ ఆ ఊఁ మాన్పించాలని మీ అమ్మ ప్రాణం తీశాను. ఇప్పుడు అది ఇంకొక్కసారి వినపడితే చాలు, నా ప్రాణం లేచి వస్తుంది.

శనివారం బస్‌స్టాండుకి వస్తాను. ఈ ఉత్తరం నువ్వు కూడా తిరిగి చెప్పకు. అందితే ఊఁ అను, చాలు.

నాన్న